రోమ్ వెండి నాణెం కల్తీ అయినందుకే సామ్రాజ్యం కూలిందా? లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి

పాతబిళ్ల (ప్రశ్న)

క్రీ.శ. మొదటి మూడు శతాబ్దాల్లో రోమ్ వెండి నాణెం, అంటే దెనారియస్, ఎలా పలచబడుతూ వచ్చిందో ఒక పట్టిక వేసుకుంటున్నాను. మూడు చోట్ల చిక్కు పడింది.

ఒకటి. నీరో చక్రవర్తి 64లో నాణెం మార్చాక వెండి 93 శాతం అని పాత పుస్తకాల్లో ఉంది. కొత్తవాటిలో అదే నాణేనికి 80 అంటున్నారు. ట్రాజన్‌దీ ఇదే గొడవ, ఒకచోట 89, ఇంకోచోట 80. తూకంలో పొరపాటు అని సరిపెట్టుకోవడానికి ఇది మరీ పెద్ద తేడా. ఏది పట్టుకోవాలి?

రెండు. సెప్టిమియస్ సెవెరస్ నాటికే వెండి సగానికి వచ్చేసింది. ధరలు మాత్రం దానికి తగ్గట్టు పెరిగిన జాడ లేదు. అలాంటిది 270ల తర్వాత ఒక్కసారిగా ఎందుకు భగ్గుమన్నాయి?

మూడు, అసలు ప్రశ్న. "నాణెం చెడింది, రోమ్ చచ్చింది" అని వీడియోల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. 268 నాటికే నాణెంలో వెండి 3 శాతం కూడా లేదు. రెండుగా చీలిన సామ్రాజ్యంలో పడమటి సగం పోయింది 476లో. మధ్యలో రెండు వందల ఏళ్ళు అది ఏం పెట్టి నడిచింది?

తోకప్రశ్న ఒకటి: మన వైపు దొరికిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్‌లవే ఎందుకు ఎక్కువ?

గీటురాయి

మొదటిదానికి నేను చెప్తాను. కొత్త అంకెలే పట్టుకోండి. కారణం నాణెం తయారీలోనే ఉంది.

వెండి, రాగి కలిపిన బిళ్లను గాలి తగిలేలా కాలిస్తే పైపొరలోని రాగి మాడి నల్లబడుతుంది. దాన్ని పులుపు ద్రావకంలో వేస్తే ఆ నలుపు కరిగి పోతుంది, వెండి మిగులుతుంది. అప్పుడు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొడితే ఆ వెండి చర్మం గట్టిగా అణిగి మెరుస్తుంది. లోపల 80 శాతమే ఉన్నా పైన 95 ఉన్నట్టు కనిపిస్తుంది. టంకశాలవాళ్ళు కావాలనే చేసిన పని ఇది. పాత పరీక్షల్లో ఎక్స్‌రే కిరణాన్ని నాణెం పైనే వేసి చదివారు. ఆ కిరణం లోపలికి దిగేది వెంట్రుకవాసి కంటే తక్కువ, అంటే చదివింది చర్మాన్నే. తర్వాత వచ్చినవాళ్ళు అంచులో సన్నని రంధ్రం వేసి, మొదట వచ్చిన పొడి పారేసి, లోపలి పొడిని పరీక్షించారు. అంకె పడిపోయింది.

సాంద్రత పద్ధతిని కూడా నమ్మి కూర్చోకండి. వెండి 10.5, రాగి 8.96. సగం సగం కలిస్తే 9.67 వస్తుంది. ఆ దరిదాపుల్లో మీ కొలత 0.1 తప్పితే వెండి పాలు ఆరేడు శాతం తప్పుతుంది. నాణెం లోపల తుప్పు గుల్లలుంటే అంకె తక్కువ చూపిస్తుంది. సీసం కలిసి ఉంటే (మూడో శతాబ్దంలో బాగానే కలిపారు) సీసం 11.3 కాబట్టి వెండి ఎక్కువున్నట్టు బుకాయిస్తుంది.

పట్టికలో వెండి శాతం ఒక్కటే వేస్తే సగం కథ పోతుంది. బరువు వరస కూడా పెట్టండి. రోమన్ పౌండు సుమారు 324 గ్రాములు (మన బంగారం కొట్టు పౌను కాదు, అది 8 గ్రాములు). అగస్టస్ కాలంలో ఒక పౌండు వెండికి 84 దెనారియస్‌లు, అంటే ఒక్కోటి 3.86 గ్రాములు. నీరో 96 కొట్టించాడు, 3.37 గ్రాములు. అంటే అతను రెండు వైపులా కోశాడు: బరువూ తగ్గించాడు, మేలిమీ తగ్గించాడు. బంగారు ఆరియస్‌ను కూడా పౌండుకు 45కి దించాడు. అయితే 1 ఆరియస్‌కు 25 దెనారియస్‌లు అన్న మారకం మాత్రం కదల్లేదు. ఈ 25 అంకెను గుర్తుంచుకోండి, మీ రెండో ప్రశ్నకు తాళం చెవి అదే.

సెవెరస్ 194 ప్రాంతంలో మేలిమిని దాదాపు సగానికి తెచ్చాడు. కారకల్లా 215లో కొత్త నాణెం దింపాడు. దాన్ని ఇప్పుడు ఆంటోనినియానస్ అంటున్నాం. చక్రవర్తి తల మీద సూర్యకిరణాల కిరీటం ఉంటుంది. రోమన్ నాణేల్లో ఆ కిరీటం రెట్టింపు విలువకు గుర్తు కాబట్టి ఇది 2 దెనారియస్‌లకు చెల్లిందని లెక్క. బరువు 5.1 గ్రాములు, వెండి సగం, అంటే సుమారు 2.5 గ్రాములు. అప్పటి రెండు దెనారియస్‌లలో కలిపి 3.2 గ్రాముల వెండి ఉండేది. అదే చెల్లింపు మీద ఖజానాకు నాలుగోవంతుకు కాస్త తక్కువ మిగులు.

ఇక అక్కణ్ణుంచి జారుడుబండ. డెసియస్ కాలంలో (249–251) పాత మంచి దెనారియస్‌లనే తీసుకుని, కరిగించను కూడా కరిగించకుండా, వాటి మీద కిరీటం బొమ్మ అచ్చు కొట్టి రెట్టింపు విలువకు వదిలారు. 268లో గాలియెనస్ నాణెం సుమారు 3 గ్రాములు, అందులో వెండి గ్రాములో పదోవంతు కూడా లేదు. ఇంత తక్కువ వెండితో కాల్చి పులుపులో వేసినా చర్మం రాదు, పైన విడిగా వెండి పూత వేయాల్సిందే. అందుకే ఆ నాణేలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చింతపండుతో తోమకండి. రెండు రుద్దులకు పూత పోయి రాగి బిళ్ల మిగులుతుంది.

లీజియన్_జమాఖర్చు

గీటురాయి గారు ఎలా కోశారో చెప్పారు. ఎందుకు కోశారో చెప్పాలంటే ఒక్క పద్దు చూస్తే చాలు, సైన్యం జీతం.

అగస్టస్ నాటి లీజియన్ (రోమన్ సైన్యంలో పెద్ద దళం) సిపాయికి ఏడాదికి 225 దెనారియస్‌లు, మూడు వాయిదాల్లో. క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో మూడు లీజియన్లు తుడిచిపెట్టుకుపోయాక మిగిలినవి 25. ఒక్కోదానికి 5,000 మంది అనుకుంటే 25 × 5,000 × 225 = 2 కోట్ల 81 లక్షలు. 3.86 గ్రాముల చొప్పున అది 108 టన్నుల వెండి, ప్రతి ఏడాదీ. ఇందులో అధికారుల జీతాలు లేవు, సహాయక దళాలు లేవు, నౌకాదళం లేదు, రిటైర్ అయినవాడికి ఇచ్చే 3,000 లేవు.

అంత వెండి ఏటా కొత్తగా తవ్వాల్సిన పని లేదు. తిండి, బట్టల కింద జీతంలో కోత పడేది. చేతికి వచ్చింది సిపాయి సరిహద్దు ఊళ్ళో ఖర్చు పెడతాడు, వ్యాపారి దాన్ని లోపలి రాష్ట్రాలకు తెస్తాడు, రైతు శిస్తుగా కడతాడు, ఖజానా మళ్ళీ సైన్యానికి పంపుతుంది. ఏతం బొక్కెనలా తిరిగే డబ్బు. తిరిగేటప్పుడు ఒలికిపోయినదాన్నే గనులు నింపాలి: అరుగుదల, పాతిపెట్టిన కుండలు, సరిహద్దు దాటి పోయింది.

డొమిషియన్ 84లో జీతం 300 చేశాడు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా పెంపు లేదు, ఆ స్థిరత్వం వల్లే రెండో శతాబ్దం అంత ప్రశాంతంగా కనిపిస్తుంది. 193లో కథ మారింది. ప్రిటోరియన్ గార్డులు, అంటే చక్రవర్తి అంగరక్షకులు, అప్పటి చక్రవర్తి పెర్టినాక్స్‌ను చంపి సింహాసనాన్ని తమ శిబిరం గోడ దగ్గరే వేలం పెట్టారు. ఒకడు మనిషికి 20,000 సెస్టర్షియస్‌లు అన్నాడు. డిడియస్ జూలియానస్ ఒకేసారి 25,000కి పాడుకుని చక్రవర్తి అయ్యాడు. 66 రోజులు ఉన్నాడు. (4 సెస్టర్షియస్‌లు 1 దెనారియస్. అంటే గార్డుకు తలకు 6,250 దెనారియస్‌లు, మామూలు సిపాయికి ఇరవై ఏళ్ళ జీతం.)

అతణ్ణి దించి వచ్చిన సెవెరస్ లీజియన్లను 33 చేశాడు, జీతం పెంచాడు. ఎంత పెంచాడన్న దాని మీద పండితులు కొట్టుకుంటారు, మనకెందుకు. అతని కొడుకు కారకల్లా దాని మీద ఇంకో సగం వేశాడు. ఆ ఒక్క పెంపు ఖర్చే ఏడాదికి 7 కోట్ల దెనారియస్‌లని తర్వాతి చక్రవర్తి మాక్రినస్ వాపోయినట్టు ఆ కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. అప్పటి దెనారియస్‌లో 1.6 గ్రాముల వెండి వేసుకున్నా 112 టన్నులు. అంటే పెంపు ఒక్కటే అగస్టస్ నాటి లీజియన్ల మొత్తం జీతాన్ని మించింది.

రాబడి వైపు చూస్తే, 212లో స్వతంత్రులైన ప్రజలందరికీ పౌరసత్వం ఇచ్చాడు. వారసత్వ పన్ను పౌరులకే పడేది, పైగా దాన్ని 5 నుంచి 10 శాతం చేశాడు. డియో మాటల్లో ఇది ఔదార్యం కాదు, వసూలు. అయినా చాల్లేదు కాబట్టే 215 నాణెం వచ్చింది. తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

235లో అలెగ్జాండర్ సెవెరస్‌ను మైన్జ్ దగ్గర సొంత సిపాయిలే చంపారు. కొత్తవాడు మాక్సిమినస్ జీతం రెట్టింపు అన్నాడు. అక్కణ్ణుంచి 284 దాకా గద్దెనెక్కిన ప్రతివాడూ ముందుగా బహుమతి పంచాలి, పంచకపోతే ఇంకో దళం ఇంకొకణ్ణి నిలబెడుతుంది. 244లో ఫిలిప్ పర్షియా రాజు షాపూర్‌తో సంధికి 5 లక్షల దీనార్లు కట్టాడని షాపూర్ సొంత శాసనంలోనే ఉంది. 251లో డెసియస్ గోత్‌ల చేతిలో యుద్ధంలో చచ్చాడు, 260లో వలేరియన్ పర్షియన్లకు బతికుండగా చిక్కాడు. అదే 260లో గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు), బ్రిటన్, స్పెయిన్‌లు పోస్టుమస్ కింద విడిపోయాయి. స్పెయిన్ వెండి గనులు, గాల్ శిస్తు లేని చక్రవర్తి డాన్యూబ్ సైన్యానికి జీతమివ్వాలి. గాలియెనస్ నాణెం రాగి అయిందంటే ఆశ్చర్యమేముంది.

ఎర్రమన్ను

జమాఖర్చు గారూ, అంతా సిపాయి జీతం మీదే తోసేస్తున్నారు. 165లో తూర్పు యుద్ధం నుంచి సైన్యంతో పాటు వచ్చిన మహమ్మారి సంగతేంటి? డేషియాలో, ఇప్పటి రుమేనియా రోషియా మొంటానాలో, బంగారు గని కార్మికుల ఒప్పందాలు రాసిన మైనపు పలకలు దొరికాయి. వాటిలో చివరి తేదీ 167. ఆ తర్వాత గని గుహల్లోనే వదిలేసి పోయారు. అదే దశకాల్లో దక్షిణ స్పెయిన్ మీద ఆఫ్రికా వైపు నుంచి మూర్‌ల దాడులు. గనిలో మనిషి లేకపోతే మీ బొక్కెన ఎలా నిండుతుంది? సరఫరా ముందు పడిపోయింది, జీతం పెంపు తర్వాత వచ్చింది.

లీజియన్_జమాఖర్చు

ఒప్పుకుంటాను, మార్కస్ ఆరేలియస్ కాలంలో మేలిమి జారడానికి అది సరిపోతుంది. కానీ సెవెరస్ ఒక్క దెబ్బకు సగానికి తెచ్చింది అంతర్యుద్ధం మధ్యలో, గని మూతపడిన రోజున కాదు. రెండూ కలిశాయనండి, సరే.

ఖాతాపుస్తకం

రెండో ప్రశ్న నాది.

మేలిమి తగ్గితే ధర వెంటనే పెరగాలి అనుకోవడం మన కాలపు అలవాటు. రోమన్ బజారులో నాణేన్ని ఎవరూ రోజూ కరిగించి చూడరు. 25 దెనారియస్‌లు పట్టుకెళ్తే ఒక ఆరియస్ వస్తుందా, శిస్తుకు తహసీలువాడు అదే విలువకు తీసుకుంటాడా, ఈ రెండూ చాలు. ఆ రెండూ నిలిచినంత కాలం లోపలి రాగిని ఎవరూ పట్టించుకోలేదు. మన పది రూపాయల బిళ్లలో ఎంత లోహం ఉందని మనం అడుగుతున్నామా?

వరుసగా ధరలు దొరికేది ఈజిప్టులోనే, అక్కడ పాపిరస్ కాగితాలు పొడి ఇసుకలో మిగిలాయి కాబట్టి. (అక్కడి నాణెం వేరు, అలెగ్జాండ్రియా టెట్రాడ్రాక్మ్, దేశం దాటి చెల్లదు. అందువల్ల ఈ అంకెలు మొత్తం సామ్రాజ్యానికి అద్దం అనుకోవద్దు.) గోధుమ ధర మార్కస్ కాలపు మహమ్మారి తర్వాత రెండింతలైంది. అక్కడి నుంచి దాదాపు వందేళ్ళు పెద్దగా కదల్లేదు. 270ల మధ్యలో ఒక్కసారిగా పది రెట్లు దాటింది.

పగులు మాత్రం అంతకుముందే కనిపించింది. 260లో ఈజిప్టులోని ఆక్సిరింకస్ జిల్లా అధికారి ఇచ్చిన ఉత్తర్వు ఒకటి పాపిరస్ మీద మిగిలింది. సంగతి ఇదీ: డబ్బు మార్చే బల్లలవాళ్ళు చక్రవర్తుల నాణెం తీసుకోవడం ఇష్టం లేక కొట్లు మూసేశారు. అందరూ తెరవాలి, దొంగ నాణెం తప్ప అన్నీ తీసుకోవాలి, కాదంటే శిక్ష. వ్యాపారులందరికీ అదే ఆజ్ఞ. ప్రభుత్వం తన నాణేన్ని తీసుకోమని బతిమాలి, ఆపైన బెదిరించాల్సి వచ్చిందంటే నమ్మకం అప్పటికే అడుగంటింది.

తర్వాత వచ్చిన చక్రవర్తి ఆరేలియన్ దిద్దబోయాడు. 271 ప్రాంతంలో రోమ్ టంకశాల పనివాళ్ళు ఫెలిసిసిమస్ అనే ఖజానా అధికారి వెనక తిరగబడ్డారు, సీలియన్ కొండ మీద యుద్ధమే జరిగింది, 7,000 మంది సైనికులు పోయారని పురాతన రచయితల లెక్క. నాణెంలో దొంగతనం ఎంత లోతుకు పోయి ఉంటుందో ఊహించుకోండి. 274లో కొత్త నాణెం తెచ్చాడు. కింద XXI అని ఉంటుంది, తూర్పు టంకశాలల్లో గ్రీకు అంకెల్లో ΚΑ. 20 పాళ్ళ రాగికి 1 పాలు వెండి అని దానర్థం, లెక్కకు 4.76 శాతం, పరీక్షల్లో కూడా 5కు దగ్గరగానే వస్తుంది. కొద్దిగా తర్వాత టాసిటస్ కాలంలో కొన్నిటి మీద XI అని ఉంటుంది, వాటిలో వెండి దాదాపు రెట్టింపు. అందుకని అది విలువ కాదు, పాళ్ళ గుర్తే అన్న వాదన నాకు గట్టిగా అనిపిస్తుంది.

తప్పెక్కడ జరిగిందంటే, కొత్త నాణెం మంచిదని చెప్పడమంటే పాతది చెడ్డదని ప్రభుత్వమే ఒప్పుకోవడం. జనం దగ్గర, కుండల్లో ఉన్నదంతా పాతదే. 25కి ఒక బంగారు నాణెం అన్న తాడు తెగింది, ధర ఎగిరింది. మేలిమి పడిపోయినప్పుడు రాని మంట దాన్ని సరిచేయబోయినప్పుడు వచ్చింది.

డయొక్లీషియన్ చక్రవర్తి 294లో మళ్ళీ మంచి వెండి నాణెం కొట్టాడు, పౌండుకు 96, నీరో తూకమే. కొన్నిటి మీద XCVI అని అచ్చేశాడు కూడా. సరిపడా వెండి లేదు, కొట్టినవి కొట్టినట్టు కుండల్లోకి పోయాయి. పూత వేసిన రాగి నాణెం మాత్రం బజారునిండా. 301లో ధరల శాసనం వేశాడు. వెయ్యికి పైగా సరుకులు, కూలిరేట్లు, మీరితే మరణశిక్ష. సైనిక కొలతలో ఒక మోడియస్ (ధాన్యం కొలిచే కుంచం లాంటిది) గోధుమ 100 దెనారియస్‌లు. పంది మాంసం పౌండు 12. పొలం కూలీకి తిండి పెట్టి రోజుకు 25, వడ్రంగికి 50. బంగారం పౌండు 72,000. ఈ దెనారియస్ అప్పటికి చేతికి దొరికే నాణెం కాదు, లెక్కలో మాటే.

ఎందుకు పారలేదో ఆ శాసనంలోని రవాణా రేటే చెప్తుంది. 1,200 పౌండ్ల బండి బరువుకు మైలుకు 20 దెనారియస్‌లు. 1,200 రోమన్ పౌండ్లంటే 389 కిలోలు. సైనిక మోడియస్‌ను మామూలు దానికి ఒకటిన్నర రెట్లుగా తీసుకుంటే 10 కిలోల గోధుమ పడుతుంది, అంటే బండికి 39 మోడియస్‌లు, గరిష్ఠ ధరకు 3,900. బండి 195 మైళ్ళు నడిస్తే కిరాయే 3,900. కానీ శాసనం ఆంటియోక్ లాంటి మహానగరానికీ, పండిన ఊరికీ ఒకే ధర పెట్టింది. దూరం నుంచి తెచ్చేవాడికి ఎదురు నష్టం, కాబట్టి తేడు. సరుకు బజారులో కనపడకుండా పోయిందనీ, రక్తపాతం జరిగాక శాసనాన్ని వదిలేయాల్సి వచ్చిందనీ ఆ కాలపు క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ రాశాడు. అతనికి డయొక్లీషియన్ అంటే పడదు, క్రైస్తవుల్ని హింసించినవాడని కోపం, ఆ తరుగు తీసేసి చదవండి. మిగిలింది మాత్రం లెక్కకు సరిపోతోంది.

పాతబిళ్ల

XXI సంగతి ఇన్నాళ్ళూ తప్పుగా రాసుకున్నాను, దిద్దుకుంటాను. పట్టికలో బరువు వరస కూడా వేశాను. మరి నా మూడో ప్రశ్న? ఇంత జరిగాక కూడా ఇంకో 175 ఏళ్ళు ఎలా నిలబడింది?

ఆఖరి_శిస్తు

నాణెం మీద ఆధారపడటం మానేసి నిలబడింది.

మూడో శతాబ్దంలోనే సైన్యానికి ధాన్యం, మాంసం, ద్రాక్షసారాయి, బట్ట నేరుగా వసూలు చేయడం మొదలైంది. డయొక్లీషియన్ దాన్ని పద్ధతిలో పెట్టాడు. భూమిని, దాని మీద పనిచేసే తలల్ని లెక్కగట్టి, ఏటా సైన్యానికి కావలసిందెంతో ముందు తేల్చి, దాన్ని ఆ లెక్కల మీద పంచడం. ఖర్చు ముందు, శిస్తు తర్వాత. ప్రభుత్వం తన రాగి నాణేన్ని తనే శిస్తుగా వద్దంది అన్నమాట. సిపాయికి జీతంగా వచ్చే నాణెం విలువ పడిపోయినా గాదెలోంచి గింజ వస్తుంది, చక్రవర్తి గద్దెనెక్కినప్పుడు బంగారం వస్తుంది. నాలుగో శతాబ్దంలో ఆ పట్టాభిషేక బహుమతి తలకు 5 బంగారు నాణేలు, ఒక పౌండు వెండి.

ఆ బంగారు నాణెమే సాలిడస్. కాన్‌స్టాంటైన్ పౌండుకు 72 చొప్పున కొట్టించాడు, 4.5 గ్రాములు, దాదాపు మేలిమి. బంగారం ఎక్కడిదంటే, ఓడించిన పోటీ చక్రవర్తి లిసినియస్ ఖజానా, గుళ్ళ నిధులు, వ్యాపారుల మీద వేసిన బంగారు వెండి పన్ను. 367–368లో ఇంకో జాగ్రత్త పడ్డారు. శిస్తుగా వచ్చిన సాలిడస్‌లను అలాగే పంపకుండా కరిగించి, పుటం పెట్టి, కడ్డీలుగా పంపాలి. దొంగ నాణెం, అంచు గీకిన నాణెం అక్కడే దొరికిపోతుంది. ఆ తర్వాతి సాలిడస్‌ల మీద OB అనే అక్షరాలుంటాయి, పుటం పెట్టిన బంగారానికి గుర్తు. గ్రీకు అంకెల్లో అవే అక్షరాలు 72 కూడా అవుతాయి. తూర్పున ఈ నాణెం పదకొండో శతాబ్దం దాకా చెడలేదు.

ఇప్పుడు వీడియోవాళ్ళ మాటకు జవాబు చూడండి. పడమర పడిపోయిన ఐదో శతాబ్దంలో చేతిలో ఉన్నది మంచి నాణెం. రోమ్ చరిత్రలోనే అంత నిలకడైన నాణెం లేదు. నాణెం బాగుంది, అది వచ్చే పొలాలు పోయాయి.

406 ఆఖరున రైన్ నది దాటి వాండల్‌లు, అలాన్‌లు, సూబీలు అనే తెగలు వచ్చాయి. మూడేళ్ళకు స్పెయిన్‌లో దిగాయి. వాండల్‌లు 429లో జిబ్రాల్టర్ దాటి, 439 అక్టోబరులో కార్తేజ్ పట్టుకున్నారు. ఇప్పటి ట్యునీషియా అది. రోమ్ నగరం తిండి, నూనె, పడమటి ఖజానా రాబడిలో కొవ్వు అంతా అక్కడిదే, పైగా సైన్యం ఖర్చు తక్కువ పడే రాష్ట్రం. అది పోయిన తర్వాత పడమటి చట్టాలు చదివితే ఖాళీ పెట్టె చప్పుడు వినపడుతుంది. 444–445 ప్రాంతంలో వాలెంటీనియన్ III ప్రభుత్వం కొత్త సిపాయిలకే కాదు, ఉన్న సైన్యానికి కూడా తిండీ బట్టా ఇవ్వలేకపోతున్నామని చట్టంలోనే రాసుకుని, అమ్మకాల మీద ఇరవైనాలుగోవంతు పన్ను వేసింది, కొన్నవాడు సగం, అమ్మినవాడు సగం. 445లో ఆఫ్రికా రాష్ట్రాలైన నుమీడియా, మౌరిటానియా శిస్తును ఎనిమిదోవంతుకు తగ్గించింది. ఎనిమిదోవంతు! అంతకు మించి అక్కడ రాలేదు కాబట్టి.

ఇక్కణ్ణుంచి వెనక్కి రాలేని వలయం. శిస్తు లేదు కాబట్టి సైన్యం లేదు, సైన్యం లేదు కాబట్టి పోయిన రాష్ట్రం తిరిగి రాదు. తెంచడానికి రెండు గట్టి ప్రయత్నాలు జరిగాయి. 460లో పడమటి చక్రవర్తి మజోరియన్ స్పెయిన్ తీరంలో కూర్చిన నౌకలు బయల్దేరకముందే శత్రువు చేతిలో పోయాయి. 468లో తూర్పు ఖజానా మొత్తం ఊడ్చి సేనాపతి బాసిలిస్కస్ కింద మహా నౌకాదళం పంపారు. పురాతన లెక్కల్లో తక్కువది తీసుకున్నా 64,000 పౌండ్ల బంగారం, 7 లక్షల పౌండ్ల వెండి. కార్తేజ్ వైపున్న బాన్ అగ్రం దగ్గర లంగరేసి ఐదు రోజులు గడువిచ్చారు. గాలి తిరిగింది, వాండల్‌లు ఖాళీ ఓడలకు నిప్పంటించి గుంపు మీదికి వదిలారు. కిక్కిరిసి ఉన్న నౌకాదళం తగలబడింది. 476లో కిరాయి సైన్యం నాయకుడు ఓడొయాకర్ చిన్నపిల్లాడైన చక్రవర్తి రొములస్‌ను దించేసేటప్పటికి పడమటి చక్రవర్తి చేతిలో ఇటలీకి మించి పెద్దగా లేదు. ఇటలీలోని కిరాయి సైన్యం కూడా అడిగింది జీతం కాదు, భూమి.

తూర్పు ఎందుకు మిగిలింది? ఈజిప్టు, సిరియా, ఆసియా మైనర్ పొలాలు ఎవరూ ముట్టుకోలేదు. హూణుల అట్టిలా 447 తర్వాత ఏడాదికి 2,100 పౌండ్ల బంగారం గుంజాడు, బకాయి 6,000 పౌండ్లు వేరే. 2,100 పౌండ్లంటే 1,51,200 సాలిడస్‌లు. నొప్పే, కానీ కట్టగలిగారు, ఎందుకంటే అట్టిలా గుర్రం సముద్రం దాటి ఆ పొలాల్లోకి పోలేదు.

ధూళికట్ట

తోకప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నేను పట్టుకుంటాను.

నల్గొండ జిల్లా అక్కనపల్లి రాశిలో వెయ్యికి పైగా దెనారియస్‌లు దొరికాయి. దక్షిణాదిలో ఇలాంటి రాశులన్నిటిలో రెండు రకాలే పదే పదే కనిపిస్తాయి. ఒకటి, అగస్టస్ మనవలు గాయస్, లూసియస్‌లు డాళ్ళు పట్టుకుని నిలబడ్డది. రెండోది, టైబీరియస్ నాణెం వెనక కుర్చీలో కూర్చున్న స్త్రీ బొమ్మ. రెండూ 64కు ముందువి, 3.8 గ్రాముల దరి, వెండి దాదాపు మేలిమి. ఇక్కడి వ్యాపారికి రోమ్‌లో 25కి ఒక ఆరియస్ అన్న మాటతో పని లేదు. అతను శిస్తు కట్టేది శాతవాహనులకు, సీజర్‌కు కాదు. అతనికి తూకమూ మేలిమీ కావాలి. ఖాతాపుస్తకం గారు చెప్పిన నమ్మకం సరిహద్దు దాటదు, లోహమే దాటుతుంది. కొన్ని నాణేల మీద చక్రవర్తి మొహానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. లోపల రాగి ఉందేమో చూడ్డానికని కొందరు, నాణెంగా చెల్లకుండా చేయడానికని కొందరు అంటారు.

నీరో మార్చాక వచ్చినవి ఇక్కడ చాలా అరుదు. ట్రాజన్ 107లో అరిగిన పాత నాణేల్ని వెనక్కి పిలిచి కరిగించేశాడు, ఎగుమతికి ఏరుకోవడానికి పాత మంచివి కూడా అక్కడ మిగల్లేదు. తర్వాత వచ్చేది ఎక్కువగా బంగారమే. నాగార్జునకొండలో టైబీరియస్ ఆరియస్‌తో పాటు, ఆంటోనినస్ పియస్ తన భార్య ఫాస్టినా పేర కొట్టించినదీ దొరికింది.

ఒక సరదా సంగతి. మూడో శతాబ్దపు నాగార్జునకొండ శాసనంలో రాణి రుద్రధర భట్టారిక మహాచైత్యానికి ఒక రాతిస్తంభం, 170 దీనారి మాషకాలు దానమిచ్చినట్టుంది. ఆ "దీనారి" దెనారియస్సే. రోమ్‌లో దెనారియస్ రాగి బిళ్లగా మారి పోతున్న రోజుల్లో ఆ పేరు కృష్ణ ఒడ్డున మంచి డబ్బుకు మాటగా బతికే ఉంది.

గీటురాయి

పాతబిళ్ల గారూ, పట్టికకు ఇంకొక్క దిద్దుబాటు. అక్కనపల్లి లాంటి రాశుల బరువుల్ని టంకశాల బరువుగా వేయకండి. చెలామణిలో అరిగి 3.86 కాస్తా 3.6, 3.5కి దిగినవి ఉంటాయి. ఉలిగాటు పడ్డవాటిని వేరే వరసలో పెట్టండి. సగటు తీస్తే రెండూ కలిసిపోయి నీరో బరువులా కనపడి మళ్ళీ మోసపోతారు.